డమ్మీ అభ్యర్థి సంతకం

2019 మార్చి రెండో వారంలో, పార్లమెంటు ఎన్నికల షెడ్యూలు వచ్చిన రెండు మూడు రోజులకే, రెండు ఎర్రజెండా పార్టీలు కలిసి నాకొక పని అప్పగించాయి. జిల్లాలో ఆ రెండు పార్టీల నామినేషన్ పత్రాలూ నేనే తయారు చేయించాలి. వాళ్ళ పొత్తు చర్చలకు చోటు కూడా నా చాంబరే కావాలి. అప్పటికి నల్గొండ కోర్టులో నా ప్రాక్టీసు ముప్పై ఏళ్ళు దాటింది. నాది సివిల్ పని, ఎక్కువగా భూమి తగాదాలు. కానీ ప్రతి ఎన్నికల్లోనూ ఎవరో ఒకరి నామినేషన్ నా బల్ల మీదికి వచ్చేది. ఒక్క గడి ఖాళీ పెట్టినా పత్రం తిరస్కరించే వ్యవహారం అది, నాకేమో ఖాళీ గడి కనిపిస్తే నిద్ర పట్టదు. అందుకే నన్ను పిలిచేవారు.

పార్టీల పేర్లు రాయను. ఇద్దరూ నా క్లయింట్లే, ఇద్దరి జెండా రంగూ ఒక్కటే. ఒకరి ఆఫీసు దుకాణాల మీద మేడ గదుల్లో ఉండేది, ఇంకొకరిది రోడ్డుకు దిగువన ఒక పాత ఇంట్లో. మేం పై ఆఫీసు, కింది ఆఫీసు అనేవాళ్ళం, ఇక్కడ కూడా ఆ పేర్లే చాలు. మా బాపు పై ఆఫీసు మనిషి, మా చిన్నాయన కింది ఆఫీసు మనిషి. పార్టీ చీలాక అన్నదమ్ములిద్దరూ ఒకే వాకిట్లో కాపురాలు చేస్తూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. బాపు పోయిన రోజున చిన్నాయన గడప బయటే నిలబడి, పాడె లేచాక వెనక నడిచాడు. కాబట్టి ఈ పొత్తు నాకు ఒట్టి క్లయింటు పని కాదు. కుదరాలని గట్టిగా కోరుకున్నాను. ఆ కోరిక వల్లే నా బుర్ర సరిగ్గా పని చేయలేదేమోనని తర్వాత చాలాసార్లు అనిపించింది.

చర్చలు నా చాంబర్‌లో ఎందుకంటే, పై ఆఫీసు వాళ్ళు కింది ఆఫీసు మెట్లు దిగరు, కింది వాళ్ళు పై ఆఫీసు మెట్లు ఎక్కరు. నేను రెండింటిలోనూ సభ్యురాలిని కాను. మూడు సిట్టింగులు జరిగాయి. ఒప్పందం నిజానికి చాలా చిన్నది. పాత నల్గొండ జిల్లాకు సంబంధించి రెండు లోక్‌సభ స్థానాలు, నల్గొండ ఒకటి, భువనగిరి ఒకటి. చెరొకటి తీసుకుంటే సరిపోతుంది. ఆ సంగతి మొదటి సిట్టింగు మొదటి ఐదు నిమిషాల్లోనే అందరికీ తెలుసు. కానీ ఎవరూ పైకి అనరు. ముందు అంతర్జాతీయ పరిస్థితి, తర్వాత దేశ పరిస్థితి, తర్వాత రాష్ట్రం. జిల్లాకు వచ్చేసరికి చాయ్ చల్లారేది. ఏ మాట అన్నా "మా కమిటీల పెట్టి చెప్తం" అనేవారు. నేను కుదురుగా కూర్చోలేక లేచి తిరిగేదాన్ని, కిటికీ తెరిచేదాన్ని, మూసేదాన్ని. పై ఆఫీసు జిల్లా కార్యదర్శి నర్సింహ మా బాపు శిష్యుడు, నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును. "నువ్వు గట్ల తిరుగుతుంటే నాకు కండ్లు తిరుగుతున్నయ్ బిడ్డా, జర కూసో" అన్నాడు ఒకసారి.

ఈలోగా నామినేషన్ల గడువు దగ్గర పడింది. పొత్తు కుదరకపోతే ఇబ్బంది పడకూడదని రెండు పార్టీలూ రెండు చోట్లా నామినేషన్లు వేయాలని అనుకున్నాయి. కుదిరితే ఉపసంహరించుకోవచ్చు. ఇది మామూలు పద్ధతే. భువనగిరిలో పై ఆఫీసు తరఫున రాములు సారును నిలబెట్టారు, హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి.

ఇక్కడ పత్రాల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒక పార్టీ తన అభ్యర్థి ఫలానా వ్యక్తి అని రిటర్నింగ్ అధికారికి రాసిచ్చే కాగితాన్ని ఫారం-బీ అంటారు. అది ఉంటేనే పార్టీ గుర్తు వస్తుంది. అందులో అసలు అభ్యర్థి పేరుతో పాటు ప్రత్యామ్నాయ అభ్యర్థి పేరు రాసే గడి ఉంటుంది. జనం భాషలో డమ్మీ. అసలు అభ్యర్థి నామినేషన్ పరిశీలనలో చెల్లకపోయినా, లేదా ఆయన పోటీ నుంచి తప్పుకున్నా, ఆ స్థానంలోకి ఈ రెండో మనిషి వస్తాడని ఆ గడి అర్థం. అందరికీ మొదటి సగమే గుర్తుంటుంది. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసున్న నాకూ ఆ వారం మొదటి సగమే గుర్తుంది.

గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు సంతకం చేస్తే చాలు. మిగతావాళ్ళకు పది మంది కావాలి. మామూలుగా పార్టీలు డమ్మీకి కూడా ఒక్కరితోనే సంతకం పెట్టిస్తాయి. పరిశీలన రోజున అసలు అభ్యర్థి పత్రం ఒప్పుకోగానే డమ్మీ పత్రం దానంతటదే పక్కకు పోతుంది, ఎందుకంటే ఆ డమ్మీ ఇక పార్టీ మనిషి కాదు, పార్టీ మనిషి కాకపోతే పది మంది కావాలి. నేనేమో పది మందినీ పెట్టించాను. ఏదైనా తేడా వస్తే డమ్మీ నామినేషన్ గట్టిగా నిలబడాలని నా పట్టుదల. పై ఆఫీసు వాళ్ళు క్రమశిక్షణ గల మనుషులు, పది మంది కావాలంటే పది మందిని ఓటరు నంబర్లతో సహా సాయంత్రానికి తెచ్చి కూర్చోబెట్టారు. ఏ ఇతర పార్టీలోనూ డమ్మీ కోసం ఎవరూ అంత కష్టపడరు.

ఆ డమ్మీ పారిజాత. మర్రిగూడ మండలంలో గొర్లు కాసుకునే కుటుంబం, వ్యవసాయ కూలీ సంఘంలో మండల బాధ్యురాలు. నలభై దాటిన మనిషి, మాట ఖరారుగా ఉంటుంది. ఆడమనిషి పేరు ఉంటే బాగుంటుంది, మర్రిగూడ దిక్కు నుంచి ఒకరు ఉంటే ఇంకా బాగుంటుంది అని కమిటీలో అనుకున్నారట. ఆమె బస్సెక్కి భువనగిరి వచ్చి నేను వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టింది. "ఏంది మేడం ఇది?" అని అడిగింది. "రాములు సార్ పత్రంల ఏమన్న తప్పొస్తే నువ్వు ఉంటవు, అంతే" అన్నాను. ఆమెకు చెప్పింది కూడా మొదటి సగమే.

పరిశీలనలో రాములు సార్ పత్రం చెల్లింది. పది మంది ప్రతిపాదకులున్నందున పారిజాత పత్రమూ చెల్లింది, స్వతంత్ర అభ్యర్థుల వరసలో ఆమె పేరు నోటీసు బోర్డు మీదికి ఎక్కింది. నల్గొండ స్థానంలో కింది ఆఫీసు వాళ్ళనూ పది మందిని తెమ్మన్నాను, వాళ్ళు తమ డమ్మీకి ఒక్క ప్రతిపాదకుడినే తెచ్చారు, అక్కడ అది తిరస్కరణ అయింది. వాళ్ళ పని అలాగే తేలిగ్గా ఉంటుందని ఆ రోజు నేను నా జూనియర్ దగ్గర నవ్వాను కూడా.

బుధవారం సాయంత్రం పొత్తు కుదిరింది. నల్గొండ పై ఆఫీసుకు, భువనగిరి కింది ఆఫీసుకు. మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకు ఉపసంహరణ గడువు. నర్సింహ, కింది ఆఫీసు కార్యదర్శి నా బల్ల మీదే ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ఒకరి కలం ఒకరు తీసుకున్నారు. బాపు ఉంటే చూసేవాడు కదా అనుకున్నాను. అక్కడే ఒక ముక్క నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. అందరూ మిఠాయి తింటున్నారు, నేనూ తిన్నాను.

గురువారం పొద్దున రాములు సారును తీసుకుని కార్లో భువనగిరి వెళ్ళాను. పదకొండు గంటలకు ముందే ఆయన ఉపసంహరణ పత్రం, అంటే ఫారం-ఐదు మీద సంతకం పెట్టి రిటర్నింగ్ అధికారికి స్వయంగా ఇచ్చాడు. ఆ ఫారం ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే వీలు ఉండదు. రసీదు తీసుకుని బయటికి వస్తుంటే, ఎన్నికల విభాగంలో ఉన్న డిప్యూటీ తహసీల్దారు మర్యాదగా అడిగాడు, "అయితే మేడం, పార్టీ గుర్తు ఇప్పుడు పారిజాత గారికే కదా?" అని. ఆయన తన పని తాను చేస్తున్నాడు, గుర్తుల జాబితా తయారు చేసుకోవాలి.

ఆ గడి రెండో సగం అప్పుడు గుర్తొచ్చింది. రాములు సార్ తప్పుకున్న ఆ నిమిషం నుంచి ఫారం-బీ ప్రకారం పై ఆఫీసు అధికార అభ్యర్థి పారిజాత. గుర్తు ఆమెది. మూడు గంటల లోపు ఆమె కూడా తప్పుకోకపోతే బ్యాలెట్ మీద రెండు ఎర్ర గుర్తులూ ఉంటాయి. ఫారం-బీ మార్చుకునే గడువు నామినేషన్ల చివరి రోజుతోనే అయిపోయింది, పార్టీ చేతిలో ఇక ఏమీ లేదు. ఉన్నదల్లా ఆమె సంతకం. ఆమె తనే వచ్చి ఇవ్వాలి, లేదా ఆమె రాసిచ్చిన అధికారంతో ఆమె ప్రతిపాదకుల్లో ఒకరు తేవాలి.

నర్సింహకు ఫోన్ చేశాను. ఆయన గొంతు తగ్గించి అన్నాడు, "సంతకం తీస్కోని రా బిడ్డా. ఎక్కువ ముచ్చట పెట్టకు. ఫార్మాలిటీ అని చెప్పు. సంతకం పెట్టకపోతే తనే క్యాండిడేట్ అయితదని తెలిస్తే ఎవరు పెడ్తరు?" నాకూ ఆ భయమే పట్టుకుంది. సరే అన్నాను.

పారిజాత ఫోన్ స్విచాఫ్. మర్రిగూడ పక్కన వాళ్ళ ఊరికి చేస్తే మరిది ఎత్తాడు. "వదినె మందతోటి పోయింది మేడం. వలిగొండ దిక్కు, మూసి పొంట యాడనో మంద ఏసిన్రు." ఎండలు ముదరగానే మర్రిగూడ వైపు మేత ఉండదు. గొర్ల కాపర్లు మందలు తోలుకుని నీళ్ళున్న దిక్కుకు వస్తారు. కోసిన పొలాల్లో రాత్రుళ్ళు మంద పెడితే ఎరువు పడుతుంది కాబట్టి రైతులు పిలిచి మరీ పెట్టించుకుంటారు. ఇవాళ ఒక పొలం, రేపు ఇంకో పొలం. చిరునామా అంటూ ఏమీ ఉండదు.

రాములు సారును భువనగిరిలోనే వదిలి, డ్రైవరూ నేనూ వలిగొండ దాకా వచ్చి, అక్కడి నుంచి ప్రతి చాయ్ హోటల్ దగ్గరా, ప్రతి ఎరువుల దుకాణం దగ్గరా ఆపి అడిగాం. మర్రిగూడ మంద చూశారా? ఒకరు అటు అన్నారు, ఒకరు ఇటు అన్నారు. రెండు మందల దగ్గరికి పోతే ఒకటి దేవరకొండ దిక్కుది, ఒకటి మునుగోడుది. డ్రైవర్ సలీం చల్లని మనిషి. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, దొర్కుతది" అంటూనే ఉన్నాడు. నేను ముందు సీట్లో కూర్చుని గడియారం చూడడం, ఫోన్ చూడడం, మళ్ళీ గడియారం చూడడం. ఒక చోట దిగి పరిగెత్తినట్టే నడిచాను, చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకునే మళ్ళీ కారెక్కాను.

ఒంటి గంట ముప్పై అయిదుకు దొరికింది. పొలంలో వల దడి కట్టి, వేప చెట్టు కింద గొర్రెపిల్లలను ఆపుకుని కూర్చుని ఉంది. పక్కన ఆమె భర్త మల్లయ్య సద్ది మూట విప్పుతున్నాడు. అక్కడి నుంచి కలెక్టరేటుకు ముప్పావు గంట, అందులో మొదటి రెండు కిలోమీటర్లు బండి బాట. మనసులో లెక్క వేసుకున్నాను. ఇప్పుడే బయల్దేరితే రెండున్నర లోపు చేరతాం. ఊపిరి పీల్చుకున్నాను.

"పారిజాతా, చిన్న ఫార్మాలిటీ ఉంది. గీ కాయిదం మీద సంతకం పెట్టి, నాతోని భువనగిరి దాక రావాలె" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. నన్నొకసారి, నా చేతిలో చెప్పును ఒకసారి చూసింది. "ఫార్మాలిటీకి మీరు గీ ఎండల, గీ మళ్ళ పొంట ఉరుక్కుంట ఒస్తరా మేడం? ఏమైంది?"

"ఏం కాలే. నామినేషన్ ఎనుకకు తీస్కునుడు. అందరు తీస్కుంటున్నరు."

అందరూ తీసుకోవడం లేదు. మొదటి అబద్ధం అది. ఆమె ముఖం మారింది. "నేనేం తప్పు జేసిన?" అంది. నాకు అర్థం కాలేదు. మల్లయ్య సద్ది వదిలేసి లేచాడు. "గొర్ల సంఘం లొల్లి గీడిదాక ఒచ్చిందా ఏంది? నేను ఆ పొద్దే చెప్పిన నీకు, నోరు జర కట్టుకోమని" అని పెళ్ళాం మీద విసుక్కున్నాడు. ఊళ్ళో గొర్రెల సొసైటీ మీటింగులో పారిజాత ఎవరినో నిలదీసిందట. నీ పేరు బోర్డు మీద ఎన్ని రోజులుంటదో చూస్తమని వాళ్ళు అన్నారట. ఇప్పుడు నేను వెళ్ళి, కారణం చెప్పకుండా, పేరు తీసెయ్యమంటున్నాను.

"నా పేరు గోడకు అంటిచ్చిన్రని ఊరంతా తెలుసు మేడం" అంది పారిజాత. "మా మామ ముసలోడు, మోకాళ్ళు వంగయి, గాయిన గూడ కట్టె పట్టుకోని ఇంటింటికి పోయి చెప్పిండు. ఇప్పుడు ఉత్తగనే తీసేస్తే ఏమంటరు? పైసలు తీస్కోని ఇడ్సిపెట్టింది అంటరు. గట్ల జేసినోళ్ళను మనమే తిట్టలేదా?"

అప్పుడైనా చెప్పాల్సింది. గడియారం చూశాను, అది తొందర పెడుతోంది, నోరు మళ్ళీ దారి తప్పింది. పై నుంచి వచ్చిన నిర్ణయం అన్నాను. వివరాలు నాకు తెలియవన్నాను. నర్సింహన్నతో మాట్లాడమన్నాను. పొలంలో సిగ్నల్ లేదు, కాలువ గట్టు మీదికి ఎక్కాలి. వెళ్ళాం. లైను దొరకడానికే ఐదారు నిమిషాలు పట్టింది. నర్సింహ గొంతు నాకూ వినిపించింది. "పార్టీ నిర్ణయం కామ్రేడ్. మేడం చెప్పినట్టు సంతకం పెట్టు. తర్వాత మాట్లాడుకుందం." ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి గట్టు దిగింది. దిగుతూ అంది, "మాట్లాడుడు తర్వాత అయితే సంతకం గూడ తర్వాతనే."

వెళ్ళి వల దడి పక్కన కింద కూర్చుంది. నేను ఆమె ముందు నిలబడి బతిమాలాను. తర్వాత కసిరాను. కోర్టులో సాక్షిని కసిరినట్టే కసిరాను, దానికి ఇప్పటికీ సిగ్గు పడతాను. ఆమె ఒక గొర్రెపిల్ల చెవిలో పిడుదులు తీస్తూ నన్ను చూడలేదు. మల్లయ్య చూశాడు. "మేడం, ఆమెకు కోపం గాదు. బుగులు" అన్నాడు మెల్లగా. రెండుంబావు అయింది.

భయపడుతోందన్న ఆ మాటకు నాకు బుద్ధి వచ్చింది. కాగితం నేను తయారు చేసింది, సంతకం నేను పెట్టించింది, పది మంది ప్రతిపాదకులను నేను కూర్చోబెట్టింది. పై ఆఫీసు ఎంత క్లయింటో ఈమే అంత క్లయింటు. కింద కూర్చుని మొత్తం చెప్పాను. రెండు పార్టీలు కలిశాయని చెప్పాను. రాములు సార్ పొద్దున తప్పుకున్నాడని చెప్పాను. ఫారం-బీలో నేను మరిచిపోయిన రెండో సగం చెప్పాను. వకీలుగా చెప్పక తప్పని ముక్క కూడా చెప్పాను. "నువ్వు సంతకం పెట్టకపోతే నువ్వే అభ్యర్థివి. గుర్తు నీదే. నిన్ను ఎవరూ తీసెయ్యలేరు. పెట్టాల్నా వద్దా నీ ఇష్టం."

ఆమె గొర్రెపిల్లను వదిలింది. "రెండు జెండాలు కలిసినయా? నిజంగనా?"

"నిన్న సాయంత్రం. నా బల్ల మీదనే."

"గింత మంచి ముచ్చట దాసిపెట్టుకోని నన్ను దొంగను జేస్తిరి గదా మేడం" అంది. "రాంగనే గీ మాట చెప్తే కార్ల మీకన్న ముందు నేనే కూసుందును." కొంగుతో చేతులు తుడుచుకుని కలం అడిగింది. సంతకం పెట్టడానికి అర నిమిషం పట్టింది. మల్లయ్యకు పిల్లలకు నీళ్ళు పెట్టమని చెప్పి కారెక్కింది. టైం రెండూ ఇరవై రెండు.

ఆ ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సలీం ఎంత తోలగలడో అంతా తోలాడు. దారి మధ్యలో వడ్ల ట్రాక్టరు అడ్డం వచ్చింది, గేదెలు అడ్డం వచ్చాయి. అవి ఏ రోజైనా అడ్డం వచ్చేవే. డిప్యూటీ తహసీల్దారుకు ఫోన్ చేసి వస్తున్నామన్నాను. మూడింటి లోపు రండి మేడం అన్నాడు. పారిజాత ముందుకు వంగి అద్దంలోంచి రోడ్డునే చూస్తోంది. భువనగిరి కోట రాయి కనిపించేసరికి మూడుకు ఎనిమిది నిమిషాలు ఉంది. ఊళ్ళో రద్దీ. కలెక్టరేటుకు వంద మీటర్ల ఇవతలే బండ్లు ఆపేస్తారు. దిగి పరిగెత్తాం. నా ఒంటి కాలికే చెప్పు ఉంది, ఆమె నాకంటే ముందు చేరింది.

మూడు గంటల ఆరు నిమిషాలు. తలుపు తెరిచే ఉంది, రిటర్నింగ్ అధికారి మర్యాదగానే కూర్చోమన్నారు. నిబంధన చూపించారు. ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు. మూడు అంటే మూడే, ఎంత పెద్దవాళ్ళకైనా అంతే. "జర ఆరు నిమిషాలే గద సారూ" అంది పారిజాత. "నా చేతిలో లేదమ్మా" అన్నారాయన. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

మర్నాడు పత్రికల్లో వచ్చింది. భువనగిరిలో రెండు ఎర్ర గుర్తులూ ఉంటాయని, పొత్తు ముడి పడకముందే ఊడిందని. కింది ఆఫీసు కార్యదర్శి నా చాంబరుకు వచ్చి కూర్చోకుండానే అన్నాడు. "వకీలమ్మా, ఇంకెవరన్న అయితే మర్సిపోయిన్రు అనుకుందును. ముప్పై ఏండ్ల నుంచి గిదే పని చేసే నువ్వు మర్సిపోయినవంటే నేను మా కమిటీల ఎట్ల చెప్పాలె? మీ బాపు బిడ్డవని అంటున్నరు." పై ఆఫీసు కోసం కావాలనే చేశానని వాళ్ళ నమ్మకం. మరిచిపోవడం నిజం. అది ఎవరూ నమ్మని నిజం.

పై ఆఫీసు, భువనగిరిలో మా గుర్తుకు ఓటెయ్యకండి, మిత్రపక్షం గుర్తుకు వెయ్యండి అని ప్రకటన ఇచ్చింది. పారిజాత మాత్రం ప్రకటనతో ఆగలేదు. కింది ఆఫీసు వాళ్ళ జీపెక్కి మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు ఊరూరా తిరిగింది. ఒక ఊళ్ళో నేనూ విన్నాను. మైకు పట్టుకుని, "నేను పారిజాతను. మిషన్ మీద నా పేరుంటది. నాకు ఓటెయ్యకుండ్రి. నేను పైసలు తీస్కోని కూసోలేదు, నాకు టైం దాటింది, అంతే. గా ఇంకో ఎర్ర గుర్తుకు ఎయ్యుండ్రి" అంది. జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తనకు ఓటెయ్యొద్దని ప్రచారం చేసిన అభ్యర్థిని నా ప్రాక్టీసులో ఇంకొకరిని చూడలేదు.

ఓట్ల లెక్కింపు రోజున అభ్యర్థిగా ఆమెకు పాసు ఉంది, నేను ఆమె ఏజెంటుగా పక్కన కూర్చున్నాను. రెండు ఎర్ర గుర్తుల ఓట్లూ కలిపినా గెలుపు దరిదాపుల్లో లేవు. కాబట్టి నా తప్పు వల్ల ఫలితమేమీ మారలేదని నర్సింహ నన్ను ఓదార్చాడు. ఆ ఓదార్పు నాకు రుచించలేదు. ఆమె సొంత ఊరి బూతులో మాత్రం ఆమెకే ఎక్కువ పడ్డాయి, మిత్రపక్షం కన్నా, గెలిచినాయన కన్నా. ఆమె తల పట్టుకుంది. "వద్దని కాళ్ళు మొక్కిన మేడం. గీళ్ళతోని ఎట్ల ఏగాలె?" అంది, కానీ ముఖంలో సంతోషం దాగలేదు.

తర్వాత వచ్చిన స్థానిక ఎన్నికల్లో రెండు ఆఫీసుల మధ్య మాటలే జరగలేదు. మిగతా చోట్ల సంగతి నాకు తెలియదు, మా జిల్లాలో మాత్రం ఆ ఆరు నిమిషాల పేరు చెప్పే ఎవరికి వాళ్ళు పోటీ చేశారు. కింది ఆఫీసు పత్రాలు మళ్ళీ నా బల్ల మీదికి రాలేదు. చిన్నాయన కొడుకు ఒక పెళ్ళిలో ఎదురైతే, అటు తిరిగి ఇంకెవరితోనో మాట్లాడాడు. మూడేళ్ళకు నేను ప్రాక్టీసు మానేశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఫారం-బీలో ప్రత్యామ్నాయ అభ్యర్థి గడిని రెండు సగాలూ చదవాలి, పొత్తు మాటలు నడుస్తున్నప్పుడు ఆ గడిని ఖాళీగా వదిలేయాలి. అది పుస్తకంలో దొరికే పాఠం. నేను నేర్చుకున్నది ఇంకొకటి. ఆ రోజు మేం ఆలస్యం కావడానికి కారణం ఎండ కాదు, గేదెలు కాదు, ట్రాక్టరు కాదు. మంద దగ్గర నేను నలభై ఏడు నిమిషాలు ఉన్నాను. అందులో నలభై నిమిషాలు అబద్ధానికి పోయాయి, నిజానికి అయిదు నిమిషాలు సరిపోయాయి. రాగానే చెప్పి ఉంటే రెండున్నరకు ఆ బల్ల ముందు ఉండేవాళ్ళం.